టమాటా పగలకుండా ఎత్తే బండి

రాబర్ట్‌సన్‌పేట,
ఆదివారం మధ్యాహ్నం.

అన్నయ్యకు,

నీ చెల్లెలు ఉమ నమస్కరించి రాస్తున్నది. నేనిక్కడ బాగానే ఉన్నాను. నువ్వు, వదిన, అమ్మ, పిల్లలు అందరూ ఆరోగ్యంగా ఉన్నారనే నమ్మకంతో ఈ కాగితం తీశాను. వదినకు మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ బీపీ మాత్ర మరిచిపోకుండా వేసుకుంటోందా? చిన్నది బడికి ఏడవకుండా వెళ్తోందా? నీ ఉత్తరం అందింది. మిల్లులో షిఫ్టు మారిందని రాశావు. మగ్గాల మధ్య ఉన్నంతసేపూ చెవుల్లో దూది పెట్టుకో అంటే నవ్వి ఊరుకుంటావు. ఉన్న వినికిడినైనా కాపాడుకో. ఫోనులో నేనొకటి చెబితే నీకు ఇంకొకటి వినబడి, ఇద్దరం అరుచుకుని, చివరికి వదిన ఫోను లాక్కోవడం కంటే ఇలా రాసుకోవడమే నయం.

ఇక్కడ చలి బాగా ముదిరింది. పొద్దున్నే సన్నటి తుంపర, మంచు. మన బొబ్బిలిలో ఇలాంటి చలి నేను ఎరగను. నువ్వు పంపిన దుప్పటి రోజూ కప్పుకుంటున్నాను. తిండికి లోటు లేదు, బెంగపెట్టుకోకండి. ఇంటి యజమానురాలు శకుంతలమ్మ గారు కింది వాటాలో ఉంటారని రాశాను కదా. ఆవిడకు నేను అన్నం వండుకోవడం నచ్చదు. "ఏమమ్మా, మళ్ళీ ఉత్త అన్నమేనా? ఈ చలికి రాగి సంగటి తినల్ల. రవంత చారు పోసుకోని మింగు, నమలొద్దు" అని కూర్చోబెట్టి తినిపిస్తారు. ముద్ద నమలకుండా మింగడం నాకింకా రాలేదు. ఆవిడ తెలుగు మొదట్లో నాకు సగమే అర్థమయ్యేది. "తాళంచెవి యాడ ఉండాది" అని అడిగితే బిక్కమొహం వేసేదాన్ని. ఇప్పుడు నేనే "ఉండాది" అంటున్నానని మా స్కూలు స్టాఫ్ రూములో నవ్వుతున్నారు.

మొదటి రెండు మూడు నెలలూ మాత్రం కష్టంగానే గడిచాయి, నీకు చెప్పలేదు. స్టాఫ్ రూములో కబుర్లు కన్నడంలో మొదలై తమిళంలోకి వెళ్ళి ఇంగ్లీషులో ముగిసేవి. నేను మధ్యలో నవ్వాల్సిన చోట నవ్వి, టిఫిను డబ్బా మూసుకుని లేచేదాన్ని. ఆదివారాలు బజారంతా ఊరికే తిరిగి, పాత బంగారు గనుల మట్టి దిబ్బలు కనిపించేదాకా నడిచి, వెనక్కి వచ్చేదాన్ని. ఇప్పుడలా లేదు. దానికి కారణం పిల్లలతో చేయించిన ఆ బండి. పోయిన ఉత్తరంలో ఒక్క ముక్క రాస్తే "అదేం బండి, దేనికి" అని అడిగావు. అందుకని మొత్తం రాస్తాను, తీరిగ్గా చదువు.

కోలారులో ఒక ఇంజనీరింగ్ కాలేజీ వాళ్ళు హైస్కూలు పిల్లలకు రోబోల పోటీ పెట్టారు. కోలారు అంటే టమాటా కాబట్టి పోటీ కూడా టమాటాలతోనే. ఒక బల్ల మీద మట్టి పోసి, టమాటాలు పరుస్తారు. పండినవీ ఉంటాయి, పచ్చివీ ఉంటాయి. పిల్లలు చేసిన రోబో వెళ్ళి పండు టమాటాలు మాత్రమే ఎత్తి, అవతలి చివరన ఉన్న క్రేటులో పెట్టాలి. ఒక పిల్లవాడో పిల్లో రిమోటు పట్టుకుని నడపవచ్చు. పచ్చి కాయ ఎత్తితే మార్కు పోతుంది. పండు పగిలితే అంతకంటే ఎక్కువ పోతుంది.

మా హెడ్‌మిస్ట్రెస్ జయలక్ష్మమ్మ గారు నన్ను పిలిచి, "ఉమా, ఇది నువ్వే చూసుకోవల్ల. పాతోళ్ళను అడిగినాను, ఒక్కరూ ఒప్పుకోలేదు" అన్నారు. దాచకుండా చెప్పినందుకు నాకు నవ్వొచ్చింది. తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "నీ ఉద్యోగం పర్మనెంటు చేసేది కమిటీ చేతిలో ఉండాది. ఒక ప్రైజు తెచ్చినావంటే నేను నీ తరపున గట్టిగా మాట్లాడతాను." ఆ మాట పోటీ అయ్యేదాకా నన్ను వదల్లేదు.

తొమ్మిదో తరగతి నుంచి ముగ్గురిని తీసుకున్నాను. నందిని బేతమంగలం దగ్గర పల్లె నుంచి బస్సులో వస్తుంది, వాళ్ళది టమాటా సేద్యం, నాలుగు ఆవులు. అరుళ్ ఇక్కడి గని కాలనీ పిల్లవాడు. ఇంట్లో తమిళం, బడిలో ఇంగ్లీషు, కోపం వస్తే తెలుగు. కంప్యూటరు ప్రోగ్రాము రాసే పని వాడిది. మూడోవాడు వెంకటేశ్. బజారులో పెద్ద ధాన్యం, కిరాణా అంగడి శెట్టిగారి కొడుకు. శెట్టిగారు మా స్కూలు కమిటీలో మెంబరు కూడా.

స్కూలు ఇచ్చిన మోటార్లు నాలుగు, బ్యాటరీ ఒకటి, చిన్న కంట్రోలు బోర్డు ఒకటి. మిగతాదంతా మేమే. ప్లైవుడ్ ముక్కతో అడుగు భాగం కోశాం. చక్రాలు బిగించాం. అసలు కష్టం చెయ్యి దగ్గర వచ్చింది. మొదట ఇనుప రేకులతో పట్టకారులాంటిది చేశాం. అది టమాటాను పట్టుకున్నదంటే రసమే. రేకులకు స్పాంజి అంటిస్తే పట్టు జారిపోయింది. రోజూ సాయంత్రం ఒక గిన్నెడు చితికిన టమాటాలు ఇంటికి తెచ్చేదాన్ని. శకుంతలమ్మ గారు వాటితో గొజ్జు చేసి, చేసి, చివరికి ఒకరోజు గుమ్మంలోనే ఆపి, "ఉమమ్మా, ఆ బండికి ఇంకేమన్నా నేర్పించు. ఈ గొజ్జు ఇంగ నా చేత కాదు" అన్నారు.

దారి చూపింది నందిని. ఒక సాయంత్రం అరుళ్ పట్టు బలం ఎంత తగ్గించాలో లెక్కలు వేస్తుంటే, ఆ పిల్ల చాలాసేపు చూసి అన్నది:

"మిస్, మేము తోటలో పిసికి పట్టుకోము. కింద చెయ్యి పెట్టి ఎత్తుతాము. పట్టుకునేదే ఏంటికి?"

మర్నాడు వాళ్ళమ్మ పూరీలు దేవే చిల్లుల గరిటె సంచిలో పెట్టుకుని వచ్చింది. గరిటె టమాటా కిందికి దూరాలి, పైన సైకిలు ట్యూబు ముక్క మెత్తగా మూత పడాలి, అంతే. దాన్ని చేతికి బిగించడానికి ఇంకో వారం పట్టింది. గరిటె కాడ సగం కోశాం. చెయ్యి పైకి లేస్తే బండి ముందుకు బోర్లా పడేది. వెంకటేశ్ అంగడి నుంచి రాగుల మూట చిన్నది తెచ్చి వెనక కట్టాడు. బండి నిలబడింది కానీ బరువు పోటీవాళ్ళు పెట్టిన హద్దు దాటింది. చివరికి అరుళ్ బ్యాటరీనే విప్పి వెనక్కి జరిపాడు. రాగులు శకుంతలమ్మ గారికి ఇచ్చేశాం. చిట్టచివరికి ఒక పండు గరిటెలో కూర్చుని, గాల్లోకి లేచి, క్రేటులో మెల్లగా దిగింది. ముగ్గురూ కేకలు వేస్తారనుకున్నాను. వేయలేదు. ఆ పండును చేతిలోకి తీసుకుని ఎక్కడైనా నొక్కు పడిందా అని ముగ్గురూ తిప్పి తిప్పి చూశారు.

ఆ తర్వాత గొడవ వచ్చింది. రిమోటు ఎవరు పట్టుకోవాలి? ఫోనులో ఆటలాడి ఆడి వెంకటేశ్ చేతులు చురుకు. నందిని నిదానం. అరుళ్‌కు నడపడం ఇష్టం లేదు. నేను ఏదీ తేల్చకముందే ఒక మధ్యాహ్నం శెట్టిగారు స్కూలుకు వచ్చారు. తెల్ల పంచె, భుజాన తువ్వాలు, మాట మెత్తన.

"మా వాడే నడపల్ల కదమ్మా" అన్నారు. "వాడు ఇంట్లో అందరికీ చెప్పేసినాడు."

అన్నయ్యా, ఆయన కమిటీ మెంబరు. "సరేనండీ" అంటే పోయేది. ఎందుకో నోరు రాలేదు. "మీరే చూసి చెప్పండి" అన్నాను. వరండాలో మట్టి పోసి, టమాటాలు పేర్చి, ఇద్దరి చేతా నడిపించాను. వెంకటేశ్ చకచకా క్రేటు నింపేశాడు, కానీ కింద రెండు పగిలి, పైనవాటికి రసం అంటింది. నందిని సగమే నింపింది, అన్నీ చెట్టు మీద ఉన్నట్టే ఉన్నాయి. శెట్టిగారు వంగి ఒక పగిలిన పండు తీసి చూసుకున్నారు.

"ఏమ్‌రా, అంగడిలో గుడ్ల ట్రే ఇట్లే దించుతావా?" అని కొడుకును అడిగారు. వాడు తల వంచుకున్నాడు. ఆయన తువ్వాలుతో చేతులు తుడుచుకుని నాతో, "ఆ పాపనే నడపనీమ్మా. నేను సుమ్మనే, ఊరికే వచ్చినాను, చూసిపోదామని" అని వెళ్ళిపోయారు.

వెంకటేశ్ కొన్నాళ్ళు మా వైపు రాలేదు. క్లాసులో కూడా చివరి బెంచీకి మారిపోయాడు. నేనూ పిలవలేదు, ఏమని పిలవాలో తెలియలేదు. ఒకరోజు తానే ల్యాబు గుమ్మం దగ్గర నిలబడి, జేబులోంచి కొత్త మోటారు తీశాడు. "నాయన బెంగళూరు పోయినప్పుడు తెచ్చినాడు. ఒకటి ఎక్కువ ఉండనీ అన్నాడు" అని బల్ల మీద పెట్టాడు. నందిని ఏమీ జరగనట్టు, "ఎనక ఎడమ చక్రం రవంత వదులైంది, చూడు" అన్నది. వాడు కూర్చుని చూశాడు. అప్పటినుంచి చక్రాలూ మోటార్లూ వాడి పని. చెవి ఆనించి శబ్దం వినేవాడు, డాక్టరులాగా.

పోటీ రోజు బంగారుపేట మీదుగా బస్సులో వెళ్ళాం. బండిని పాత బొంతలో చుట్టి నందిని ఒళ్ళో పెట్టుకుంది. కాలేజీ హాలు నిండా పిల్లలు. పెద్ద పెద్ద స్కూళ్ళ వాళ్ళు ఒకే రంగు చొక్కాలు వేసుకుని, మెరిసే పెట్టెల్లో రోబోలు తెచ్చారు. మా గరిటె చూసి ఒకరిద్దరు నవ్వారు. మొదటి రౌండు తర్వాత నవ్వలేదు. ఒక్క పండు పగలలేదు, ఒక్క పచ్చి కాయ ఎత్తలేదు. మాకు రెండో స్థానం. రెండో రౌండు కూడా కలిపి చూసి, మొదటి ముగ్గురికి బహుమతి ఇస్తారు. నేను జయలక్ష్మమ్మ గారికి మెసేజి పెట్టాను. వెంటనే పూల బొమ్మలతో జవాబు వచ్చింది.

అయితే మొదటి రౌండు చివర్లో వెనక ఎడమ మోటారు కుయ్యిమని కూయడం మొదలుపెట్టింది. వెంకటేశ్ చెవి ఆనించి విని, "ఇది ఎక్కువసేపు రాదు మిస్. రెండో రౌండుకు ముందే మార్చేద్దాం" అని స్క్రూడ్రైవరు తీశాడు.

సరిగ్గా అప్పుడే మఫ్లరు చుట్టుకున్న ఒక మాస్టారు మా బల్ల దగ్గరికి వచ్చారు. సుగటూరు వైపు ఒక చిన్న పల్లెలో సర్కారీ స్కూలు మాస్టారట. పక్కన ఒక ఆడపిల్ల ఊడిన చక్రం చేత్తో పట్టుకుని ఉంది. మొదటి రౌండులో మా తర్వాత స్థానం వాళ్ళదే.

"మేడమ్, మీ తావ మోటారు ఏమన్నా ఎక్కువ ఉండాదా?" అని అడిగారు. "మాది లోపల పళ్ళు అరిగిపోయినాయి. మోటారు తిరగతాది, చక్రం తిరగదు. అందరినీ అడిగినాము."

మా దగ్గర ఉంది. వెంకటేశ్ చేతిలోనే ఉంది, విప్పని కవరులో. నేను ఆ మాస్టారికి "పిల్లల్ని అడగండి, వాళ్ళదే బండి" అన్నాను. అది పెద్దమనసుతో అన్న మాట కాదు. కాదనే పని పిల్లల మీద పెడదామని అన్నాను. వాళ్ళు లేదంటారని, అనాలని, లోపల కోరుకుంటున్నాను. కమిటీ, ప్రైజు, జయలక్ష్మమ్మ గారి పూల బొమ్మలు, అన్నీ కళ్ళముందు తిరిగాయి.

ముగ్గురూ పక్కకు వెళ్ళి మాట్లాడుకున్నారు. నాకు వినిపిస్తూనే ఉంది.

"మనకే కావల్ల కదా" అన్నాడు అరుళ్. "మన మోటారు పోతే?"

"పోవచ్చు" అన్నది నందిని. "పోకపోవచ్చు."

వెంకటేశ్ చేతిలోని కవరు తిప్పి చూశాడు. తర్వాత, "మనది కూస్తా ఉండాది, అంతే. వాళ్ళది కదలనే కదల్దు" అన్నాడు. మిగతా ఇద్దరూ వాడి మొహం చూశారు. వాడే వెళ్ళి, కవరు చింపి, మోటారు ఆ పిల్ల చేతిలో పెట్టాడు. పెట్టి ఊరుకోలేదు. వాళ్ళ బల్ల దగ్గరికి వెళ్ళి, తీగలు ఎటు కలపాలో చూపించి, బిగించి మరీ వచ్చాడు.

రెండో రౌండులో ఏం జరిగిందో నువ్వు ఊహించే ఉంటావు. మూడు పండ్లు క్రేటులో పడ్డాక మా మోటారు ఆగిపోయింది. బండి ఒక పక్కకు ఈడ్చుకుపోవడం మొదలుపెట్టింది. నందిని కంగారు పడలేదు. అది ఎటు లాగుతుందో గమనించి, తిన్నగా పోయే ఆశ వదులుకుని, గుండ్రంగా తిప్పి తిప్పి తీసుకెళ్ళింది. ఒక్కో పండుకు ఒక్కో ప్రదక్షిణం. జనం మాటలు ఆపి చూశారు. టైము అయ్యేసరికి ఇంకో రెండు మాత్రమే చేర్చగలిగింది. ఆ రెండూ పగలలేదు.

మాకు నాలుగో స్థానం. ఆ సర్కారీ స్కూలుకు రెండోది. వాళ్ళ పిల్ల స్టేజీ దిగి, మెడలో పతకంతోనే వచ్చి, మోటారు విప్పి వెంకటేశ్‌కు ఇచ్చింది. ఇంకా వేడిగా ఉంది. వాడు దాన్ని జేబులో వేసుకున్నాడు.

తిరుగు బస్సులో, బంగారుపేట దాటాక వెంకటేశ్ అడిగాడు, "మిస్, మనం ఇచ్చింది తప్పా?"

అన్నయ్యా, ఏదైనా మంచి మాట చెప్పాలని వెతుక్కుంటున్నాను. ఈలోగా నందిని కిటికీ వైపే చూస్తూ, "ఇచ్చినాము. అయిపోయింది. ఒక మోటారు పోతే బండి తనే సర్దుకోనేట్లు చేసేదానికి అవుతుందా అరుళ్?" అన్నది. అరుళ్ అవుతుందన్నాడు. స్టాండు వచ్చేదాకా ముగ్గురూ దాని గురించే వాదించుకున్నారు. నేను మాత్రం రేపు హెడ్‌మిస్ట్రెస్‌కు ఏం చెప్పాలా అని ఆలోచిస్తూ కూర్చున్నాను.

మర్నాడు ఉన్నదున్నట్టు చెప్పాను. "నన్నడిగితే నేను ఇచ్చేదాన్ని కాదు మేడమ్. పిల్లలు ఇచ్చారు. నేను అడ్డు చెప్పలేదు" అన్నాను. ఆవిడ చాలాసేపు పెన్ను మూత తీసి పెడుతూ కూర్చున్నారు. "చేతికొచ్చిన ప్రైజు కదా ఉమా. కమిటీకి నేనేమి చెప్పేది?" అన్నారు. కోపంగా అనలేదు, బేజారుగా అన్నారు. అదే నాకు ఎక్కువ బాధ అనిపించింది. ఆ వారం ఒక రాత్రి సూటుకేసు మంచం కింద నుంచి తీసి, దుమ్ము దులిపి, మళ్ళీ లోపలికి తోశాను.

నిన్న కమిటీ కూర్చుంది. సాయంత్రం జయలక్ష్మమ్మ గారు పిలిచి కూర్చోమన్నారు. ఒక మెంబరు మా మోటారు సంగతి ఎత్తారట. మన వస్తువు ఇంకొకరికిచ్చి ప్రైజు పోగొట్టిన టీచరును ఎట్లా పర్మనెంటు చేస్తామని అడిగారట. అప్పుడు శెట్టిగారు లేచి, "ఆ మోటారు కొన్నింది నేను, ఇచ్చింది నా కొడుకు. దాని గురించి అడిగేదుంటే నన్ను అడగండి" అన్నారట. ఇంకెవరూ అడగలేదు. నన్ను పర్మనెంటు చేసే ఆర్డరు కాగితం మీద సంతకాలు అయిపోయాయి.

"ఇంగో మాట కూడా చెప్పమన్నాడు" అన్నారు ఆవిడ కళ్ళజోడు తీసి. "మళ్ళీ పోటీకి పోయేటప్పుడు రెండు మోటార్లు ఎక్కువ తీసుకోని పోవల్లంట. ఒకటి మనకు, ఒకటి అడిగినోళ్ళకు."

నేను నవ్వాననుకున్నాను. ఆవిడ నీళ్ళ గ్లాసు నా వైపు జరిపేదాకా ఏడుస్తున్నానని తెలియలేదు.

ఇదీ సంగతి. విజయనగరంలో కాలేజీలో ఖాళీ ఉందని, వచ్చేయమని రాశావు. పోయిన నెల ఈ మాట వచ్చి ఉంటే ఆ రాత్రే బట్టలు సర్దేదాన్ని. ఇప్పుడు రాలేను, ఏమీ అనుకోకు. నా గురించి దిగులు పెట్టుకోవద్దని అమ్మకు నువ్వే నచ్చజెప్పు. నేను ఇక్కడ బాగానే ఉన్నాను, నిజంగానే బాగున్నాను. వేసవి సెలవుల్లో తప్పకుండా వస్తాను.

ఒక చిన్న పని చేసిపెట్టు. వచ్చే ఏడాది పండ్లను ఒక పట్టీ మీద నడిపించి క్రేటులో వేద్దామని పిల్లలు అనుకుంటున్నారు. రబ్బరు పట్టీ మీద టమాటా దొర్లిపోతోంది. మీ మిల్లులో చివర కోసి పారేసే జనపనార పట్టీ ముక్కలు, అరచేతి వెడల్పువి, దొరికితే పార్సిల్ చెయ్యి. గరుకుగా ఉంటే మరీ మంచిది. మా అన్నయ్య పంపిస్తాడని ముగ్గురికీ చెప్పేశాను.

అమ్మకు, పెద్దమావయ్యకు నా నమస్కారాలు చెప్పు. వదినను మోకాలికి పట్టీ కట్టుకునే మెట్లు ఎక్కమను. పిల్లలకు ముద్దులు. నీ దీవెన నా మీద ఎప్పుడూ ఉంటుందని తెలుసు, అయినా అడుగుతున్నాను. కింద నుంచి శకుంతలమ్మ గారు పిలుస్తున్నారు. నందిని వాళ్ళమ్మ గరిటె కోసం వచ్చి కూర్చుందట. ఈ పూట వాళ్ళింట్లో పూరీలట. గరిటె కాడ సగం కోసేశామని ఆవిడకు ఇంకా ఎవరూ చెప్పలేదు. వెళ్ళి చెప్పాలి.

నీ చెల్లెలు,
ఉమ